చోక్ తీస్తే ఆగిపోయే ఇంజను

మాది కడియం వైపు నర్సరీ. పెద్దదేమీ కాదు. ఇంటి వెనక చెక్కలో షేడ్ నెట్ కింద అంట్లు కట్టుకుంటాం. కాలవగట్టు పక్కన కౌలుకు తీసుకున్న ఇంకో చెక్కలో కాగితంపూలు, క్రోటన్లు, ఎండకు ఓర్చుకునే మొక్కలన్నీ కవర్లలో వరసలుగా పెడతాం. ఆ చెక్కకు కరెంటు లైను లేదు. కాలవలోంచి నీళ్ళు తోడుకోవడానికి చిన్న పెట్రోలు ఇంజను వాడతాం. ఇద్దరు చెరో పక్కా పట్టుకుంటే మోయగలిగేంత ఉంటుంది. తాడు లాగితే స్టార్టవుతుంది.

ఆ తాడు లాగడం, ఇంజను తుడవడం, అది మొరాయిస్తే ఊడదీసి మళ్ళీ బిగించడం అన్నీ మా ఆయన పనులు. అంట్లు కట్టడం, మొక్కలకు మందు కొట్టించడం, ఫోన్లకు జవాబు చెప్పడం నావి. మాటల పని మాత్రం ఎక్కువ ఆయనదే. ఒరిస్సా లారీ డ్రైవరుతోనైనా, బెంగళూరు నుంచి వచ్చిన తోటల కాంట్రాక్టరుతోనైనా, భాష వచ్చినా రాకపోయినా, ఆయన మాట్లాడుతూనే ఉండేవారు. ఒక్కోసారి లోపల పని చేసుకుంటున్న నాకు తల నొప్పి పుట్టేది.

ఒక వానాకాలం ముగిసే రోజుల్లో లారీలోకి కుండీలు ఎక్కిస్తుండగా ఆయన చేతిలోంచి ఒక కుండీ జారి పడింది. పగిలిన కుండీ వైపు చూస్తూ ఏదో అన్నారు. అది ఏ భాషా కాదు. కూలీలు నవ్వారు. డ్రైవరును వెక్కిరిస్తున్నారనుకున్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తర్వాత ఆయన కుడికాలు మడతపడింది.

రాజమండ్రి ఆసుపత్రిలో చాలా రోజులున్నాం. పక్షవాతం అని అక్కడికి వెళ్ళకముందే అందరికీ తెలుసు. కాలు కొంత తిరిగి వచ్చింది, కర్ర పట్టుకుని నడిచేవరకూ. కుడిచెయ్యి రాలేదు. మాట సంగతి డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. "ఆయనకి అన్నీ అర్థమవుతాయమ్మా. చెప్పాల్సింది కూడా లోపల తెలుసు. నోటి దగ్గరికొచ్చేసరికి ఒక మాట బదులు ఇంకోటి వస్తుంది. ఓపిగ్గా ఉండండి. తొందరపెట్టకండి."

ఇంటికొచ్చాక అది ఎలా ఉంటుందో చూశాను. చెప్పులు కావాలంటే గొడుగు అనేవారు. తలుపు వెయ్యమనడానికి ఆదివారం అన్నారొకసారి. అన్నిటికంటే ఎక్కువగా వచ్చే మాట నీళ్ళు. పెరుగు కావాలన్నా నీళ్ళే, ఫ్యాను ఆపమన్నా నీళ్ళే. కొన్నిసార్లు నిజంగా నీళ్ళే. అందుకని ముందు ఒక గ్లాసు తెచ్చి ఇచ్చి, ఆయన తోసేస్తే అప్పుడు మిగతావి ఊహించడం నాకు అలవాటయింది.

మాటలు నేర్పడానికి రాజమండ్రి నుంచి ఒక అమ్మాయి వచ్చేది. బొమ్మల కార్డులు తెచ్చేది. ఆవు, పువ్వు, కుర్చీ, గడియారం. "ఇదేంటి సార్, చెప్పండి" అనేది. ఆయన ఆ కార్డులన్నీ ఎడమచేత్తో ఒక్కొక్కటే ఏరి, అంచులు సరిచేసి, మర్యాదగా ఆ అమ్మాయి చేతిలో పెట్టేసేవారు. నోరు తెరిచేవారు కాదు. ఆ అమ్మాయి ఏమీ అనుకునేది కాదు. "పర్లేదండి, ఇష్టం వచ్చినప్పుడే" అని వెళ్ళిపోయేది.

వేసవి వచ్చింది. మా డెల్టాలో వేసవికి కాలవలు కట్టేస్తారు. నీళ్ళు ఆగేలోపే కౌలు చెక్కలో తవ్వుకున్న గుంట నింపుకోవాలి. తర్వాత కాలవలు వదిలేదాకా ఆ నీళ్ళే దిక్కు. గుంట నిండాలంటే ఇంజను కావాలి. ఆయన మంచం పట్టినప్పటి నుంచి అది పాకలో గోనె సంచి కిందే ఉంది. అన్నాళ్ళూ ఆ చెక్కలో మొక్కల్ని బిందెలతోనే తడుపుకొచ్చాం. బయటికి తెచ్చి తాడు లాగితే ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

ట్రాలీ ఆటోలో వేసుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను నడివయసు మనిషి, మా ఆయనకు ఎప్పటినుంచో తెలిసినవాడు. పెట్రోలులో గాలి కలిపే కార్బొరేటర్ కింది గిన్నె విప్పి నాకు చూపించాడు. లోపల పెట్రోలు ఎండిపోయి పసుపుపచ్చటి జిగురులా అంటుకుని ఉంది. తుమ్మ జిగురు గుర్తొచ్చింది.

"పెట్రోలు ఖాళీ చెయ్యకుండా వదిలేశారండి" అన్నాడు.

"ఎవరు ఖాళీ చేస్తారు? ఆసుపత్రిలో ఉన్నాం కదా" అన్నాను.

"అదేలెండి. లోపల కన్నాలన్నీ తినేసింది. కడిగితే పది రోజులు నడుత్తాది, మళ్ళీ ఇదే గోల. కొత్తది ఏసేసుకోండి. నా దగ్గర లేదండి, ఆన్‌లైన్లో తెప్పించుకోండి."

"బిగించడానికి వస్తారా?"

అతను షాపు ముందు వరసగా ఉన్న ఇంజన్లను చూపించాడు. కాలవలు కట్టేసే ముందు అందరికీ ఇదే తొందర. "ఇక్కడ వదిలేసి ఎళ్ళండి, వంతు వచ్చినప్పుడు చూత్తాను. లేదంటే మీరే బిగించుకోవచ్చండి. రెండు నట్లే."

వంతు వచ్చేదాకా కాలవ ఆగదు. ఇంజను ఇంటికి తెచ్చేశాను.

కొత్త కార్బొరేటర్ వచ్చాక, వాకిట్లో నాపరాయి మీద ఇంజను పెట్టుకుని కూర్చున్నాను. ఫోనును కుండీకి ఆనించి వీడియో పెట్టుకున్నాను. మా ఆయన షేడ్ నెట్ నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. నా చేతిలో పానా ఉండడం ఆయనకు నచ్చలేదని తెలుస్తూనే ఉంది. వద్దనలేరు. అన్నా ఏ మాట వస్తుందో తెలియదు. అందుకని చూస్తూ ఊరుకున్నారు.

గాలి వడకట్టే డబ్బా ఊడదీశాను. పెట్రోలు పైపు లాగాను. రెండు నట్లు విప్పి పాత కార్బొరేటర్‌ను పట్టుకుని గుంజితే వచ్చింది. దానికీ ఇంజనుకూ మధ్య నల్లటి దిమ్మ ఒకటి ఉంటుంది, ఇంజను వేడి కార్బొరేటర్‌కు తగలకుండా. గుంజినప్పుడు ఆ దిమ్మ కూడా కాస్త కదిలి ముందుకు వచ్చింది. వీడియోలో అలా రాలేదు. బొటనవేలితో నొక్కి మళ్ళీ దాని చోట్లో పెట్టేశాను. కొత్తదానితో పాటు సందు పడకుండా వేసే కాగితం ప్యాకింగ్ ఒకటి ఇచ్చారు. దాన్ని దిమ్మకూ కార్బొరేటర్‌కూ మధ్య పెట్టి నట్లు బిగించాను. అనుకున్నంత కష్టం కాలేదు. కొంచెం గర్వంగా కూడా ఉంది.

పెట్రోలు పోసి, చోక్ పూర్తిగా వేసి, తాడు లాగాను. లాగాను, లాగాను. జబ్బ నొప్పి పుట్టాక ఒకసారి అందుకుంది. పొగ వచ్చింది, చప్పుడు నిలబడింది. వీడియోలో చెప్పినట్టు మెల్లగా చోక్ తీశాను. ఇంజను గొంతు సన్నబడి, ఎగిసి, పడి, ఆగిపోయింది. మళ్ళీ లాగాను. మళ్ళీ అంతే. చోక్ వేసి ఉంచినంతసేపూ తడబడుతూ నడుస్తుంది, తీస్తే ఆగిపోతుంది. చోక్ వేసే నడిపిద్దామంటే పంపు నీళ్ళు ఎత్తేంత ఊపు రాదు.

అప్పుడు వెనక నుంచి ఆయన అన్నారు. "నీళ్ళు."

చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి గ్లాసుతో తెచ్చాను. తోసేశారు. సగం నా చీర మీద పడ్డాయి. "నీళ్ళు" అన్నారు మళ్ళీ, ఇంజను వైపు చెయ్యి చూపించి.

పక్క నర్సరీ పెద్దాయన చప్పుడు విని గోడ దగ్గరికి వచ్చి ఉన్నాడు. "పెట్రోల్లో నీళ్ళున్నాయంటున్నాడేమో అమ్మాయ్" అన్నాడు.

నాకు అది సబబుగా తోచింది. పాకలో నెలల తరబడి ఉన్న ట్యాంకు. చెమ్మ దిగి ఉంటుంది. ట్యాంకు మొత్తం సీసాలోకి వంచేశాను. సీసా ఎండలో పెట్టి చూస్తే అడుగున నీళ్ళచుక్క ఏదీ కనపడలేదు. అయినా బంకుకు వెళ్ళి కొత్త పెట్రోలు పట్టుకొచ్చి పోశాను. ఇంజను తీరు మారలేదు. మా ఆయన నా పని మొత్తం చూశారు. పెట్రోలు వంచేస్తున్నప్పుడు కర్రతో నేల మీద కొట్టారు. నేను ఆగలేదు.

సాయంత్రం మెకానిక్ షాపు కట్టేసి వెళుతూ మా ఇంటి దగ్గర బండి ఆపాడు. నేను ఫోను చేశానని వచ్చాడు. ప్లగ్గు ఊడదీసి చూశాడు. నిప్పు బాగానే పడుతోంది. "ప్లగ్గు తెల్లగా, పొడిగా ఉందండి. పెట్రోలు సరిపడా అందట్లేదు దీనికి" అన్నాడు. కార్బొరేటర్ గిన్నె విప్పి లోపల పెట్రోలు చిమ్మే చిన్న జెట్ తీసి, ఆకాశానికి పట్టుకుని చూసి, ఊది పెట్టాడు. స్క్రూ అటూ ఇటూ తిప్పాడు. చోక్ మీద నడుస్తుంది, తీస్తే పోతుంది.

మా ఆయన కర్ర ఊనుకుంటూ దగ్గరికి వచ్చారు. "నీళ్ళు" అన్నారు. ఇంకో మాట కోసం నోట్లో చాలాసేపు వెతుక్కున్నారు. "నీళ్ళు తాగుతోంది."

"ఆయ్, అలాగేనండి. చూత్తానండి" అన్నాడు మెకానిక్, తల ఎత్తకుండా.

ఆ మాటలో అగౌరవం ఏమీ లేదు. కానీ మా ఆయన వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయారు. జబ్బు చేశాక అందరూ ఆయన ఏమన్నా సరే ఊ కొట్టడం మొదలుపెట్టారు. పూర్వం ఈ మెకానిక్కే ఒక బోల్టు గురించి ఆయనతో పూటంతా వాదించేవాడు. ఇద్దరూ టీలు తాగుతూ, ఒకరిది ఒకరు తప్పంటూ, చివరికి ఎవరూ ఒప్పుకోకుండానే విడిపోయేవారు. ఇప్పుడు వాదించేవాళ్ళు లేరు.

"పీసే తేడా అయ్యుంటాదండి" అన్నాడు మెకానిక్ చేతులు కడుక్కుంటూ. "వెనక్కి పంపించి ఇంకోటి తెప్పించండి."

ఇంకోటి వచ్చేసరికి కాలవ ఎండిపోతుంది. మర్నాడు పొద్దున్నే పనివాళ్ళతో కలిసి మళ్ళీ బిందెలతో నీళ్ళు మోశాను. కాలవలో నీటిమట్టం అప్పటికే తగ్గడం మొదలుపెట్టింది. రేవు మెట్ల మీద తడి గీత పైన ఉండిపోయి, నీళ్ళు కిందికి దిగిపోయాయి. బిందెలతో మొక్కలు తడుస్తాయి గాని గుంట నిండదు. ఎండెక్కాక ఇంటికి వచ్చాను.

వచ్చేసరికి మా ఆయన ఇంజను పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఎడమచేత్తో తాడు లాగమన్నట్టు చూపించారు.

"ఇప్పుడు కాదండీ. నడుం విరిగిపోతోంది" అన్నాను.

మళ్ళీ చూపించారు.

చోక్ వేసి లాగాను. చాలాసార్లు లాగాక అందుకుంది. చోక్ మీద చెయ్యి పెట్టమని సైగ చేసి, ఆయన తన ఎడమ అరచేతిని కార్బొరేటర్ గాలి పీల్చే మూతి దగ్గర పెట్టారు. నేను చోక్ తీశాను. ఇంజను ఎప్పటిలాగే సన్నబడింది. అప్పుడు ఆయన అరచేత్తో ఆ మూతిని సగం మూశారు. చప్పుడు నిలబడింది. చెయ్యి తీశారు, పడిపోబోయింది. మూశారు, లేచింది. అలా కొంతసేపు ఆడించి, చెయ్యి పూర్తిగా తీసేశారు. ఆగిపోయింది.

"నీళ్ళు" అని నా ముఖంలోకి చూశారు.

నాకు ఒక విషయం మాత్రం అర్థమయింది, ఆ మాట పెట్రోల్లో నీళ్ళ గురించి కాదని. "ప్లగ్గా?" అన్నాను. తల అడ్డంగా ఊపారు. "జెట్టా? పెట్రోలు రావట్లేదా?" కాదు. "చోక్ తిరగేసి బిగించానా?" కాదు, కాదు. కళ్ళు ఎర్రబడ్డాయి. కర్ర ఎత్తి పక్కన పడేశారు. నేను కూడా విసుగ్గా లేవబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కిందికి లాగి, నా ముఖం మీద ఉఫ్ అని ఊదారు. కంట్లో నలుసు పడితే ఊదుతామే, అలాగ.

"గాలా?" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. తల మెల్లగా పైకీ కిందికీ ఊగింది.

"గాలి తాగుతోందా? ఎక్కువ గాలి?"

ఊ అన్నారు. అది మామూలు ఊ. అందులో అలసట తప్ప ఇంకేమీ లేదు.

ఎక్కడి నుంచి అని అడిగాను. మూతి దగ్గర వేలు పెడితే కాదన్నారు. పైపు దగ్గర పెడితే కాదన్నారు. నా వేలు పట్టుకుని తీసుకెళ్ళి, కార్బొరేటర్ వెనక, ఆ నల్లదిమ్మ ఇంజనుకు ఆనుకునే చోట పెట్టారు. నేను బొటనవేలితో నొక్కి సరిపెట్టిన చోటు అదే. ఆయన కుర్చీలోంచి అది చూశారు. అప్పటి నుంచీ అదే చెబుతున్నారు.

తర్వాత ఆయన లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ బట్టలుతికే రాయి దగ్గరికి వెళ్ళి, అరిగిపోయిన సబ్బు ముక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. దాన్ని తడిపి మెత్తగా చేయమని వేళ్ళతో చూపించారు. పిండి ముద్దలా అయ్యాక, ఆ దిమ్మ చుట్టూ, ముందు వైపూ వెనక వైపూ, సందు లేకుండా పూయించారు. మెకానిక్కులు కారే పెట్రోలు ట్యాంకుకు సబ్బు పూయడం నేను చూశాను. ఇక్కడ కూడా పనికొస్తుందని తెలియదు.

తాడు లాగాను. తొందరగానే అందుకుంది. చోక్ కొంచెం కొంచెంగా తీశాను. చప్పుడు ఒకసారి తూలింది, నిలబడింది. పూర్తిగా తీసేశాను. నడుస్తూనే ఉంది. తడబాటు పోయింది. ఆయన తల ఒక పక్కకు వంచి వింటున్నారు. ఆయన మాట్లాడే రోజుల్లో కూడా ఇంజను దగ్గర మాత్రం ఇలాగే ఉండేవారు, నోరు మూసుకుని, తల వంచి. నాకు అది అప్పుడే గుర్తొచ్చింది.

ఇంజను వేడెక్కేకొద్దీ సబ్బు కరిగి బుడగలు వచ్చాయి. చప్పుడు మళ్ళీ ఎగుడుదిగుడైంది. ఆయనే చెయ్యి చాపి స్విచ్ నొక్కి ఆపేశారు.

చల్లారాక కార్బొరేటర్ మళ్ళీ విప్పి, ఈసారి దిమ్మను కూడా బయటికి తీశాను. వెనక పాత ప్యాకింగ్ ఉంది. నేను గుంజినప్పుడే చిరిగి, ఒక పక్క మడతపడి, పక్కన వెంట్రుక మందం సందు వదిలింది. ఇంజను పెట్రోలుతో కలిసిన గాలికి బదులు ఆ సందులోంచి ఒట్టి గాలి లాక్కుంటోంది. చోక్ వేస్తే ముందు వైపు గాలి తగ్గి లెక్క సరిపోతోంది, తీస్తే చాలట్లేదు. మెకానిక్‌కు ఫోన్లో చెప్పాను.

"అయ్యో, ఎనకదా?" అన్నాడు. "నేను ముందుదే చూశానండి. కొత్తదాంతో ఒకటే ఇత్తారు, రెండోది మనమే కోసుకోవాలి. ఎవరు చెప్పారండి మీకు?"

"మీరు ఊ కొట్టారే, ఆయనే" అన్నాను.

"ప్యాకింగ్ షీటు ముక్క ఉంది. నేనే పట్టుకొత్తాను" అన్నాడు. మధ్యాహ్నం అన్నం వేళకి వచ్చి ఇచ్చి, మా ఆయనతో, "ఏంటండి, నిన్న సరిగ్గా చెప్పలేపోయారా? సబ్బు పూసి నడిపితే లోపలికి పోదా? ఎవరన్నా చేత్తారా ఆ పని?" అన్నాడు. మా ఆయన చెయ్యి విదిలించారు. మెకానిక్ ఇంకా ఏదో అంటూనే బండెక్కాడు. ఆ పూట మా ఆయన అన్నం మారు వడ్డించుకున్నారు.

ప్యాకింగ్ కోయడం నేను కత్తెరతో మొదలుపెట్టాను. మధ్యలో గుండ్రటి రంధ్రం దగ్గర షీటు చీలిపోయింది. ఆయన నా చేతిలోంచి అది లాగేసుకుని, దిమ్మను నాపరాయి మీద పెట్టించి, మిగిలిన షీటు దాని మీద పరిపించి, నన్ను గట్టిగా పట్టుకోమన్నారు. చిన్న సుత్తి ఎడమచేత్తో తీసుకున్నారు. దిమ్మ అంచు వెంబడి షీటు మీద మెల్లగా కొడుతూ పోతే, అంచు ఎక్కడుందో అక్కడే షీటు తెగుతుంది. కొలతలూ గీతలూ అక్కర్లేదు. ఇది కుడిచేత్తో చేసే రోజుల్లో చూశాను, చాలా తేలిగ్గా చేసేవారు. ఎడమచేత్తో సుత్తి ఎక్కడ పడుతుందో ఆయనకే తెలియట్లేదు. ఒక దెబ్బ సరిగ్గా పడితే రెండు దెబ్బలు పక్కకు పోతున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. నేను చేస్తానని అనలేదు. అంటే ఇస్తారేమోనని భయం వేసింది.

సగం పైగా తెగాక ఒక దెబ్బ నా వేలి మీద పడింది.

"అయ్యయ్యో, తగిలిందా?" అన్నారు ఆయన.

ఇద్దరం ఆగిపోయాం. ఆ మాట తప్పు లేకుండా, పాత గొంతుతో, పాత వేగంతో వచ్చింది. నేను వేలు పట్టుకుని, "లేదు, పర్లేదు" అన్నాను. ఆయన ఇంకోసారి అనబోయారు. పెదాలు కదిలాయి. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించారు. గొడుగు అన్నారు. తర్వాత సుత్తి వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇలా జరగొచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. తిట్లూ, అయ్యోలూ, అలవాటైన మాటలూ వాటంతట అవే బయటపడతాయట, వెతుక్కున్న మాటలే దొరకవట. అందుకని నేను దాన్ని బాగయ్యే గుర్తుగా తీసుకోలేదు. అయినా గోరు నల్లబడి పెరిగి పోయేదాకా, అంట్లు కట్టేటప్పుడల్లా ఆ వేలిని మామూలు కంటే ఎక్కువగా చూసుకునేదాన్ని.

మిగిలింది ఆయనే పూర్తిచేశారు. అంచులు కాస్త వంకరగా వచ్చాయి, కానీ రంధ్రం సరిగ్గా రంధ్రం మీదే కూర్చుంది. దిమ్మ రెండు ముఖాలూ మసిగుడ్డతో తుడిచి, ఒక్క ముక్క పాత కాగితం కూడా మిగలకుండా గీకించి, అప్పుడు బిగించనిచ్చారు. రెండు నట్లనూ ఒకేసారి కాకుండా దీన్ని కొంచెం, దాన్ని కొంచెం తిప్పమని వేలితో చూపించారు. తాడు లాగితే అంతకుముందంత శ్రమ లేకుండానే అందుకుంది. చోక్ తీశాను. చప్పుడు మారలేదు.

మర్నాటి నుంచి కాలవలో నీళ్ళున్నంతకాలం ఇంజను పగలంతా నడిచింది. అడుగున బురద కనపడేసరికి గుంట అంచుల దాకా కాకపోయినా, వేసవి గడిచేంత నిండింది. కొన్ని క్రోటన్లు ఆ బిందెల రోజుల్లోనే మాడిపోయాయి. వాటిని పీకేసి కవర్లలో మట్టి గుమ్మరించుకున్నాం.

మాటలు నేర్పే అమ్మాయి మళ్ళీ వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. ఆ అమ్మాయి కార్డులు సంచిలోంచి తీయలేదు. పాత కార్బొరేటర్ అడిగి తీసుకుని ఆయన ముందు పెట్టి, "నాకు ఇందులో ఒక్కటీ తెలీదు సార్, మీరే చెప్పాలి" అంది. ఆయన దాన్ని చాలాసేపు తిప్పి చూశారు. నట్టు అన్న మాట వచ్చింది. పైపు వచ్చింది, రెండు వారాల తర్వాత. స్క్రూ అనడానికి శుక్రవారం అనేవారు, దానికి ఆయనే నవ్వేవారు. గాలి మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. కాగితం మీద ఎడమచేత్తో రాయమంటే కూడా నీళ్ళనే రాశారు. ఆ అమ్మాయి దాన్ని కొట్టేయలేదు.

అంతకుమించి పెద్ద మార్పేమీ జరగలేదు. కొనడానికి వచ్చేవాళ్ళతో ఇప్పటికీ నేనే మాట్లాడతాను. నాకు ఆయనంత బాగా రాదు. లారీ డ్రైవర్లు ఆయన్ని పలకరించి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోతారు. పక్క నర్సరీ పెద్దాయన ఒకసారి తన గడ్డి కోసే మిషను తీసుకొచ్చి స్టార్టు చేసి చూపించాడు. మా ఆయన విని, "పారెయ్" అన్నారు, స్పష్టంగా. పెద్దాయనకు కోపం వచ్చింది. రెండేళ్ళు కూడా కాలేదు కొని, అన్నాడు. మా ఆయన మళ్ళీ అదే అన్నారు. అది ఆయన అనుకున్న మాటేనా, ఇంకేదైనా మాట బదులు వచ్చిందా అని నేనూ చెప్పలేకపోయాను. పెద్దాయన మిషను అమ్మలేదు, పారెయ్యలేదు. అది ఇంకా నడుస్తోంది.

వానలు పడి కాలవలకు నీళ్ళు వదిలిన రోజు ఇంజనును మళ్ళీ గట్టు మీదికి చేర్పించాను. ఆయన కూడా కర్ర పట్టుకుని మెల్లగా నడిచి వచ్చారు. కొత్తనీళ్ళు ఎర్రగా, నీటి మీద తేలే గుర్రపుడెక్క తుక్కంతా తోసుకుంటూ వస్తున్నాయి. వంతెన దగ్గర అది అడ్డుపడితే నలుగురు మనుషులు నడుంలోతు నీళ్ళలో దిగి గడలతో లాగి గట్టున వేస్తున్నారు. నేను తాడు లాగాను. ఇంజను అందుకుంది. చోక్ తీసి, పైపు సరిచేసుకుని తిరిగి చూస్తే ఆయన ఇటు చూడట్లేదు. వంతెన దగ్గరి మనుషుల వైపు చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు కిందనుంచి ఏదో కేక వేస్తే, ఆయన ఎడమచెయ్యి ఎత్తి అటు కాదు, ఇటు నుంచి లాగమన్నట్టు ఊపుతున్నారు.

"ఇంటికెళదామా?" అన్నాను.

రానన్నట్టు చెయ్యి కదిపారు. కాలవలు కట్టినప్పటి నుంచి ఎండకు వడిలిన వరసలు ఇంకా తడవాల్సి ఉన్నాయి. నేను పైపు లాక్కుంటూ మొక్కల్లోకి వెళ్ళిపోయాను.